ఒక్క గంట

గోదావరిఖనిలో ఒక ముసలాయన ఉండేవాడు. ముప్పై ఏళ్లకు పైగా బొగ్గుబాయిలో హాలేజీ నడిపి దిగిపోయాడు. హాలేజీ ఎరగనివాళ్ల కోసం రెండు మాటలు చెప్పి కథలోకి వెళ్దాం. ఇంజను గదిలో పెద్ద డ్రమ్ము ఉంటుంది. దానికి చుట్టిన ఉక్కు తాడు వాలుదారి వెంట బాయి లోపలికి దిగి, బొగ్గు నిండిన టబ్బులను పైకి లాగుతుంది. తాడు నడిపేవాడు ఒకచోట కూర్చుని ఉంటాడు, టబ్బులు ఎక్కడో చీకట్లో ఉంటాయి. అవి ఆయనకు కనిపించవు. ఆయనకు తెలిసేదల్లా గంట చప్పుడే. దారి పొడవునా పక్కగోడ వెంట రెండు తీగలు పోతుంటాయి. ఎక్కడ నిలబడి ఆ రెండింటినీ కలిపినా ఇంజను గదిలో గంట మోగుతుంది. ఎన్నిసార్లు మోగితే ఏం చేయాలో దానికో లెక్క ఉంది. తాడు నడుస్తుండగా ఒక్కసారి మోగిందంటే ఆపెయ్యాలి. ఎవరు కొట్టారు, ఎందుకు కొట్టారు అన్నది ఆపాక అడగాల్సిన సంగతి.

ముసలాయన ఉద్యోగమంతా ఆ ఒక్క గంటకు కట్టుబడి గడిచింది. ఉత్తుత్తి గంటలు ఎన్నో విన్నాడు. ఎవడో తీగలకు భుజం తగిలించుకున్నా మోగేది, కొత్తవాడు భయపడి కలిపినా మోగేది. ప్రతిసారీ ఆపాడు. టబ్బులు తక్కువ వచ్చాయని పైవాళ్లు కసిరితే విన్నాడు, మర్నాడు మళ్లీ ఆపాడు.

ఆయన దిగిపోయిన కొన్నాళ్లకు కాలనీ పక్కన ఖాళీ జాగాలో ఎక్కుడు గోడ ఒకటి లేచింది. ఇనుప చట్రం, దానికి బిగించిన పలకలు, పలకల నిండా రంగురంగుల పట్లు. నాలుగు అంతస్తుల ఎత్తు. అప్పట్లో పిల్లల్లో కొండల పిచ్చి బాగా ఉండేది. 2014 మే 25న మాలావత్ పూర్ణ పద్నాలుగేళ్లయినా నిండకుండా ఎవరెస్టు ఎక్కింది. గురుకులంలో చదువుకునే ఆ పిల్ల మొదట తాడు పట్టింది భువనగిరి బండ మీద. ఆ వార్త తరవాత తెలంగాణలో ఏ బడిలో అడిగినా నేనూ ఎక్కుతాననే పిల్లలు ఇద్దరు ముగ్గురైనా తేలేవారు. గోదావరిఖనిలో ఎక్కడానికి బండ లేదు. అందుకని పెద్దలు కొందరు పూనుకుని గోడే కట్టించారు.

నేర్పడానికి భువనగిరిలో తర్ఫీదు పొందిన ఒక యువకుడు వచ్చాడు. కాపలాకు ముసలాయనను పెట్టారు.

శిక్షకుడు పనిమంతుడు. మొదటి వారం పిల్లలను పైకి ఎక్కనివ్వలేదు. జానెడు ఎత్తులో పక్కకు నడిపించాడు. పడటం నేర్పాడు, తాడుమీద కూర్చోవటం నేర్పాడు, కాళ్లు గోడకు ఆన్చి దిగటం నేర్పాడు. ఎక్కటం నేర్పింది ఆఖరున. నడుముకు హార్నెస్ కట్టి, తాడుతో ఎనిమిది అంకె ముడి వేసి, ఆ కొసను హార్నెస్ లోంచి దూర్చి, మళ్లీ మొదటి ముడి దారి వెంటే వెనక్కి నడిపించి జంటముడి చేయాలి. ఆ రెండో నడక పూర్తికాకపోతే ముడి ఉన్నట్టే కనిపిస్తుంది గాని మనిషి బరువు పడగానే కొస జారి బయటికి వచ్చేస్తుంది. తాడు పైనున్న కొక్కెం మీదుగా తిరిగి కింద నిలబడినవాడి చేతికి వస్తుంది. వాడే బిలేయర్. ఎక్కేవాడు పైకి పోయినకొద్దీ వదులు లాగుతుండాలి, తాడును బిగబట్టే చెయ్యి మాత్రం ఒక్క క్షణమూ వదలకూడదు. ఎక్కేముందు ఇద్దరూ ఒకరి ముడి ఒకరు చూసుకోవాలి, ఒకరి కారబైనర్ కొక్కెం తాళం ఒకరు నొక్కి చూడాలి.

ఎంత ఆరితేరినవాళ్లకైనా ఈ చూపు తప్పదని చెప్పటానికి శిక్షకుడు లిన్ హిల్ సంగతి చెప్పేవాడు. ప్రపంచంలోనే పేరుమోసిన ఆ అమెరికా ఎక్కుడుగత్తె 1989లో ఫ్రాన్సులో ఒక కొండ ఎక్కుతూ, తాడును హార్నెస్ లోంచి దూర్చి మాటల్లో పడి ముడి పూర్తి చేయటం మరిచిపోయింది. పైన తాడుమీద వాలగానే ఇరవై మీటర్లకు పైగా కిందికి పడింది. చెట్టుకొమ్మలు అడ్డం రాబట్టి బతికింది. పిల్లలు నోరు తెరుచుకుని వినేవారు.

ఇదంతా ముసలాయన తన స్టూలు మీద కూర్చుని చూశాడు. అంతా బాగుంది గాని ఒకటి తక్కువైందని ఆయనకు తోచింది. ఎక్కేవాడు తాడు పట్టినవాణ్ని చూస్తున్నాడు, తాడు పట్టినవాడు ఎక్కేవాణ్ని చూస్తున్నాడు. చుట్టూ కూర్చున్న ఇరవై జతల కళ్లకు మాత్రం ఏ పనీ లేదు. ఆయన పాత టబ్బుపట్టా ముక్క ఒకటి సంపాదించి గోడ పక్కన వేలాడదీశాడు, పక్కనే ఒక ఇనుప కడ్డీ పెట్టాడు. నియమం కూడా తనే చెప్పాడు. ఎవరైనా సరే, ఏదైనా తేడాగా అనిపిస్తే ఒక్క దెబ్బ కొట్టవచ్చు. గంట వినపడగానే తాడు పట్టినవాడు బిగబట్టాలి. ఎక్కేవాడు చేతిపట్టు వదలకూడదు, తాడుమీద వాలకూడదు. కొట్టినవాడు లేచి వెళ్లి ముళ్లూ తాళాలూ అన్నీ తడిమి చూసి రావాలి. కొట్టినందుకు ఎవరూ ఎవరినీ ఏమీ అనకూడదు.

మొదట్లో అది ఆటబొమ్మయింది. ఒకడు మిత్రుణ్ని ఏడిపించటానికి కొట్టాడు, ఇంకొకతె చెప్పు కనిపించలేదని కొట్టింది, మరొకడు చప్పుడు బాగుందని కొట్టాడు. ముసలాయన ఎవరినీ తిట్టలేదు. కొట్టిన ప్రతివాణ్నీ లేపి ముళ్లన్నీ చూసి రమ్మన్నాడు, అంతే. మూడు నాలుగు సార్లు అలా తిరిగేసరికి అల్లరివాళ్లకు విసుగొచ్చింది. విసుగుతో పాటు ముడి చూడటమూ వచ్చేసింది. ఒకరోజు ఊరికే కొట్టిన కుర్రాడొకడు ముళ్లు చూస్తూ చూస్తూ నిజంగానే తాళం వెయ్యని కారబైనర్ ఒకటి పట్టుకున్నాడు. అతని మొహం వెలిగిపోయింది. నన్నడిగితే ఆ బడిలో అందరికన్నా గొప్ప పాఠం చెప్పింది ఆ పట్టాముక్కే.

శిక్షకుడికి మాత్రం అది నచ్చలేదు. సాయంత్రానికి ముప్పై ఎక్కుళ్లు కావాల్సింది ఇరవై అయ్యేవి. ముసలాయన పెద్దవాడని ఊరుకున్నాడు.

పిల్లల్లో ఒక పెద్దకుర్రాడు అందరికన్నా వేగంగా ఎక్కేవాడు. ఒకరోజు పోటీలకు ఎంపిక చేయటానికి బయటినుంచి ఇద్దరు వచ్చారు. గడియారం నొక్కారు. కుర్రాడు ఉడుతలా పాకి మూడొంతులు దాటాడు. అప్పుడు గంట మోగింది. కొట్టింది ఒక చిన్నపిల్ల. కాంట్రాక్టు పనికి పోయే ఒకామె కూతురు, చేరి నెల కూడా కాలేదు. తాడు మరీ వదులుగా ఉందనిపించింది ఆ పిల్లకు. వెళ్లి చూస్తే అంతా సరిగానే ఉంది. వేగం మీద ఎక్కేటప్పుడు ఆ మాత్రం వదులు ఉంటుందని ఆమెకు తెలియదు. కుర్రాడి లెక్క పాడైంది. ఎంపిక చేసేవాళ్లు ఇంకో అవకాశం ఇవ్వకుండా వెళ్లిపోయారు. కుర్రాడు గోడకు తల ఆనించి ఏడ్చాడు.

శిక్షకుడికి కోపం ఆగలేదు. అందరిముందూ ఆ పిల్లను నిలబెట్టి కేకలేశాడు. నెల రోజులపాటు ఎక్కనివ్వకుండా బూట్లు అందించే పనికి పెట్టాడు. ఇనుప కడ్డీ తీసి తన సంచిలో వేసుకున్నాడు. ముసలాయన ఏమీ అనలేదు. స్టూలు తెచ్చుకుని గోడకు ఇంకాస్త దగ్గరగా వేసుకున్నాడు.

ఆ రోజునుంచి గంట మోగలేదు. శిక్షకుడు సంతోషించాడు. రోజుకు నలభై ఎక్కుళ్లు పూర్తయ్యేవి, గోల లేదు, గొడవ లేదు. ఇన్నాళ్లకు పిల్లలు దారికొచ్చారనుకున్నాడు. ఆ నెలలో ఒకడికి తాడు మీద ఒకచోట నూలు రేగినట్టు కనిపించింది. చెబితే ఏమంటారోనని చెప్పలేదు. ఇంకొకతె, తాడు పట్టినవాడు వెనక్కి తిరిగి కబుర్లు చెబుతుంటే చూసి, చూడనట్టు మొహం తిప్పుకుంది. ఇవేవీ శిక్షకుడి చెవిన పడలేదు. చెవిన పడని వాటిని ఆయన లేనివాటికింద జమ కట్టాడు. 2003 జూన్ 16న ఏడో నంబరు ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు విరుచుకుపడి 17 మందిని మింగిన ఊరు అది. ప్రమాదం అంటే ఏమిటో అక్కడి పిల్లలకు ఒకరు వచ్చి చెప్పనక్కర్లేదు. అయినా ఒక్క చీవాటుతో అందరి నోళ్లూ మూతపడ్డాయి.

డిసెంబరు 23 వచ్చింది. సింగరేణి దినోత్సవం. బొగ్గు బెల్టంతా ఆటలూ పాటలూ స్టాళ్లతో కళకళలాడే రోజు. గోడ దగ్గర కూడా షామియానా వేశారు. అతిథులు వస్తున్నారని శిక్షకుడే స్వయంగా ఎక్కి చూపాలని నిర్ణయమైంది. తాడు పట్టే పని పెద్దకుర్రాడిది. శిక్షకుడు ఎనిమిది ముడి వేశాడు, కొసను హార్నెస్ లోంచి దూర్చాడు. ఇంతలో కార్లు వచ్చాయి. ఎదురువెళ్లి దండం పెట్టాడు, పూలగుత్తులు అందించాడు. తిరిగొచ్చేసరికి చొక్కా జారి ముడిమీద పడి ఉంది. నేరుగా గోడ దగ్గరికి నడిచాడు. పెద్దకుర్రాడు ముడి చూడలేదు. ఎనిమిది ముడి నేర్పిన గురువు ముడిని తను సరిచూడటమేమిటి అనుకున్నాడు.

బూట్ల కుప్ప దగ్గర కూర్చున్న చిన్నపిల్లకు కింది నుంచి ఒకటి కనిపించింది. ముడి పూర్తయితే జానెడుకు మించి మిగలని కొస మోకాలి దాకా వేలాడుతోంది. ఆమె కడ్డీ కోసం చూసింది, లేదు. శిక్షకుడి వైపు చూసింది, అతిథుల వైపు చూసింది. పోయిన నెల తిన్న చీవాట్లు గుర్తొచ్చాయి. అప్పటికి ఆయన నేలకు రెండు నిలువుల ఎత్తులో ఉన్నాడు. ఆమె కాళ్ల దగ్గరున్న రాయి తీసుకుని పట్టాముక్క మీద ఒక్క దెబ్బ కొట్టింది.

అలవాటు మనిషిని ఎంత కాస్తుందో అప్పుడు తెలిసింది. శిక్షకుడు చేతిపట్టు వదల్లేదు, తాడుమీద వాలలేదు. వాలి ఉంటే ఈ కథ ఇంకోలా ముగిసేది. తల వంచి నడుము వైపు చూసుకున్నాడు. మొహం పాలిపోయింది. పట్టు పట్టు తడుముకుంటూ తాడు ఆసరా లేకుండానే మెల్లగా నేలకు దిగాడు. ఇదీ ప్రదర్శనలో భాగమే కాబోలనుకుని అతిథులు చప్పట్లు కొట్టారు.

శిక్షకుడు ముడి పూర్తి చేశాడు. పెద్దకుర్రాణ్ని చూడమన్నాడు. తరవాత చిన్నపిల్లను పిలిచి ఆమె చేత కూడా చూపించుకున్నాడు. అప్పుడు ఎక్కాడు, పైదాకా వెళ్లాడు, తాడుమీద వాలి దిగాడు.

సాయంత్రం షామియానా విప్పాక పిల్లలందరినీ కూర్చోబెట్టి, ఆ వేలాడే కొసను ఇంకెవరైనా చూశారా అని అడిగాడు. చాలాసేపు ఎవరూ పలకలేదు. ఆఖరుకు ముగ్గురు చేతులెత్తారు. అందులో ఇద్దరు, ఆ చిన్నపిల్లకన్నా ముందే చూశారు. ఎందుకు చెప్పలేదని అడిగితే ముగ్గురూ తలలు వంచుకుని బూట్ల కుప్ప వైపు చూశారు. శిక్షకుడు ఇంకేమీ అడగలేదు. సంచిలోంచి కడ్డీ తీసి ముసలాయన చేతికిచ్చాడు. మర్నాడు అల్లరివాడొకడు ఊరికే గంట కొట్టాడు. శిక్షకుడు అన్ని తాళ్లూ ఆపించి, వాణ్ని ముళ్లు చూసి రమ్మని పంపించాడు.

ఈ కథలో నీతి ఇదీ: ఉత్తుత్తి గంట కొట్టినవాణ్ని శిక్షించిన చోట నిజం గంట కూడా మోగదు; అప్పుడు పెద్దలు ఆ మౌనాన్నే క్షేమమనుకుంటారు. ఇంట్లో పిల్లలైనా, పనిచోట నిన్న చేరిన కుర్రాడైనా ఆగమన్నప్పుడు ముందు ఆగండి. కారణం తరవాత అడగండి, అది సరైన కారణం కాకపోయినా కసరకండి.