చెయ్యి దాటిన బంతి ఎవరిది?

ఫాస్ట్ బౌలింగ్ నేర్చుకునేవాళ్లకు మొదట చెప్పే పాఠం చేతి గురించే. చూపుడువేలు, మధ్యవేలు సీమ్‌కు చెరో పక్క ఉండాలి. బొటనవేలు కింద ఆనాలి. మణికట్టు బంతి వెనకాలే ఉండాలి, పక్కకు వాలకూడదు. చివరిగా బంతిని విడిచేవి ఆ రెండు వేళ్లే కనుక, అవి సరిగ్గా జారితే బంతి వెనక్కి తిరుగుతూ, సీమ్ నిలువుగా నిలిచి బ్యాటర్ వైపు పోతుంది.

హైదరాబాదీ మహమ్మద్ సిరాజ్‌కు ఎన్నో వికెట్లు తెచ్చిన వాబుల్ సీమ్ ఈ పాఠాన్ని కావాలనే మీరుతుంది. అందులో వేళ్ల మధ్య ఎడం కాస్త పెరుగుతుంది, వదిలేటప్పుడు మణికట్టు విసురు తగ్గుతుంది. సీమ్ నిలవదు, అటూ ఇటూ ఊగుతూ పోతుంది. నేలకు తగిలే క్షణంలో అది ఎటు వాలి ఉంటే బంతి అటు మళ్లుతుంది, లేదంటే తిన్నగా దూసుకుపోతుంది. ఎటు పోతుందో బ్యాటర్‌కు తెలియదు సరే, బౌలర్ కూడా ముందుగా కచ్చితంగా చెప్పలేడు. మరి తనకే తెలియని మలుపుతో పడిన వికెట్ ఎవరి ఖాతాలోది? స్కోరు పుస్తకం బౌలర్ పేరు రాసి ఊరుకుంటుంది. తత్వశాస్త్రం అంత తొందరగా తేల్చదు.

సిరాజ్ రాష్ట్రంలోనే ఉన్న వర్ధన్నపేట చుట్టుపక్కల ఈ ప్రశ్న కొత్తదేమీ కాదు. వరంగల్ నుంచి ఖమ్మం పోయే దారి మీది ఈ పట్నానికి నైరుతి దిక్కున, పాలకుర్తి దగ్గర, బమ్మెర ఉంది. ఓరుగల్లు జనం పోతన ఊరుగా చెప్పుకునేది దాన్నే. భాగవతం తన నోట పలుకుతున్నా పలికించేవాడు వేరే ఉన్నాడని నమ్మిన కవి ఆయన. అలాగని ఆయన గంటం పట్టకుండా కూర్చోలేదు. యతి, ప్రాస, ధార అన్నీ ఆయన చేతి సాధనే. కర్తృత్వం దేవుడికి అప్పగించినవాడు పనితనాన్ని మాత్రం తన దగ్గరే ఉంచుకున్నాడు.

ఇప్పుడు ఆ చుట్టుపక్కల ఊళ్లలో కుర్రాళ్లు ఎక్కువగా ఆడేది టెన్నిస్ బంతితో. దానికి పైకి లేచిన కుట్టు ఉండదు, కాబట్టి సీమ్ పాఠం పనికిరాదు. అక్కడ చెయ్యి నేర్చుకునేది వేగం, యార్కర్, వేళ్లు బంతి మీద కోసినట్టు జార్చే కట్టర్. ఆటో డ్రైవర్ కొడుకు సిరాజ్ కూడా టెన్నిస్ బంతితోనే మొదలుపెట్టాడు. హైదరాబాద్ తరఫున 2015లో రంజీల్లో అడుగుపెట్టి, తర్వాతి సీజన్‌లోనే 41 వికెట్లు తీశాడు.

బంతి చెయ్యి దాటాక ఏమవుతుందన్నది వైశేషిక తాత్వికులు వెతికిన విషయమే. వాళ్ల ఉదాహరణ బాణం. దాని మొదటి కదలికకు కారణం వింటి తోపు, ఆ తర్వాతి కదలికలకు కారణం బాణంలో పుట్టిన వేగం, చివరికి నేల మీద పడడానికి కారణం గురుత్వం. 17వ శతాబ్దపు తెలుగు పండితుడు అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో ఈ వేగాన్ని సంస్కారాల్లో ఒకటిగా లెక్కించాడు. దాని పక్కనే భావనను చేర్చాడు. అనుభవం వల్ల పుట్టి, జ్ఞాపకానికి కారణమై, ఆత్మలో మాత్రమే ఉండేది భావన. ఈ లెక్కన, వదిలిన క్షణం నుంచి వేగం బంతిది, భావన బౌలర్‌ది. సుమారు 160 గ్రాముల బంతి 140 కిలోమీటర్ల వేగంతో బ్యాటర్‌ను చేరడానికి పట్టేది దాదాపు అర సెకను. అంతసేపూ బౌలర్ చేయగలిగింది ఏమీ లేదు. కోచ్ నెలల తరబడి దిద్దేదంతా ఆ భావననే.

అద్వైతులు ఇదే బాణాన్ని కర్మ సిద్ధాంతంలోకి తెచ్చారు. ప్రారబ్ధం విల్లు విడిచిన బాణం వంటిదని, వేగం తీరేదాకా అది ఆగదని శంకరుల గీతాభాష్యం చెబుతుంది. శంకరుల పేరిట ఉన్న వివేకచూడామణి ఇంకో అడుగు వేస్తుంది. పులి అనుకుని బాణం వేసినవాడికి అది ఆవు అని తర్వాత తెలిసినా, ఆ తెలివి బాణాన్ని వెనక్కి తేలేదు. ఫుల్‌టాస్ వేసిన బౌలర్‌కు అది చెయ్యి దాటగానే తెలిసిపోతుంది. తెలిసి లాభం ఉండదు. అయితే ఓవర్లో ఇంకా బంతులున్నాయి. ఆగామి కర్మ, అంటే ఇకపై చేయబోయేది, ఆ మిగిలిన బంతుల్లోనే ఉంది.

సిరాజ్ మతంలో ఈ చర్చ విసరడం చుట్టూనే నడిచింది. ఖురాన్‌లోని అల్ అన్‌ఫాల్ సూరా 17వ ఆయతు బద్ర్ యుద్ధాన్ని తలుస్తూ, విసిరిన చెయ్యి మనిషిదైనా విసిరింది అల్లా అనే భావం చెబుతుంది. దీని మీద పండితులు శతాబ్దాల పాటు వాదించుకున్నారు. అషరీ సంప్రదాయం మధ్యేమార్గం చెప్పింది: క్రియను సృష్టించేది దేవుడు, దాన్ని తనదిగా ఆర్జించుకునేది మనిషి. ఆ ఆర్జన వల్లే మనిషి జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది. బమ్మెర కవికీ అషరీ పండితులకూ పరిచయం లేదు, వాళ్ల దేవుళ్లు వేరు. అయినా చేతిని బాధ్యత నుంచి ఇద్దరూ తప్పించలేదు.

ఆటలో చేతికి విడిగా ఒక న్యాయస్థానమే ఉంది. బౌలర్ చెయ్యి భుజం ఎత్తుకు వచ్చినప్పటి నుంచి బంతి వదిలేదాకా మోచెయ్యి 15 డిగ్రీలకు మించి సాగకూడదన్నది ఐసీసీ నియమం. వికెట్ పడిందా, సిక్స్ పోయిందా అని ఆ నియమం అడగదు. హైదరాబాద్‌కు ఆడిన ఎడమచేతి స్పిన్నర్ ప్రజ్ఞాన్ ఓజా 2013 నవంబరులో ముంబైలో, సచిన్ చివరి టెస్టులో, పది వికెట్లు తీసి ప్లేయర్ ఆఫ్ ది మ్యాచ్ అయ్యాడు. ఆ తర్వాత ఇంకో టెస్టు ఆడలేదు. 2014 డిసెంబరులో అతని యాక్షన్ మీద అనుమానంతో బీసీసీఐ బౌలింగ్ ఆపించింది. దిద్దుకుని, 2015 మొదట్లో పరీక్షలో నెగ్గి, మళ్లీ బంతి పట్టాడు. చెయ్యి సరైంది కానీ, ఫలం తిరిగి రాలేదు. రెండూ ఒకే లెక్కలో తేలతాయని ఆశించేవాళ్లకు ఓజా కథ మింగుడుపడదు.

ఇక్కడే ఫలం ఆశించకుండా పని చేయమనే, గీత రెండో అధ్యాయంలోని ప్రసిద్ధ శ్లోకం గుర్తొస్తుంది. ఓడినవాడి భుజం తట్టి ఆ శ్లోకం చెప్పడం మనకు అలవాటు. బౌలర్‌కు దాని అవసరం ఓడాక కాదు, బంతి వేయకముందే. వికెట్ కావాలన్న ఆత్రం మొదట చేరేది వేళ్లలోకే. పట్టు బిగుస్తుంది, మణికట్టు పక్కకు వాలుతుంది, బంతి లెగ్ స్టంప్ అవతల పడుతుంది. ఫలాన్ని పక్కన పెట్టడం అక్కడ వైరాగ్యం కాదు, చేతి సాధనలో భాగం. అయితే ఫలాన్ని అసలు చూడనివాడు తప్పు దిద్దుకోలేడన్న అభ్యంతరం కూడా న్యాయమైనదే. బంతి ఎక్కడ పడిందో చూడాలి, ఎందుకు పడిందో ఆలోచించాలి. ఫలాన్ని కూలిగా లెక్కపెట్టుకోకుండా సాక్ష్యంగా తీసుకుంటే సాధనకు అడ్డు రాదు.

సాక్ష్యం కూడా ఒక్కోసారి అన్యాయంగానే ఉంటుంది. 2025 జులై 14న లార్డ్స్‌లో, ఇంగ్లండ్‌తో టెస్టులో, సిరాజ్ చివరి బ్యాటర్‌గా 30 బంతులు కాచుకున్నాడు. షోయబ్ బషీర్ బంతిని సరిగ్గానే అడ్డుకున్నాడు. అది బ్యాట్‌ను తాకి, నేల మీద పడి, వెనక్కి దొర్లి వికెట్లకు తగిలింది. భారత్ 22 పరుగుల తేడాతో ఓడింది. తప్పు ఏ చేతిదని చెప్పడం? మూడు వారాల తర్వాత, ఆగస్టు 4న, ఓవల్‌లో అదే మనిషి యార్కర్‌తో గస్ అట్కిన్సన్ ఆఫ్ స్టంప్ ఎగరగొట్టాడు. భారత్ ఆరు పరుగులతో గెలిచింది. ఆ ఇన్నింగ్స్‌లో అతనివి ఐదు వికెట్లు.

ఓవల్ స్కోరు పుస్తకంలో ఇంకో చిక్కు ఉంది. క్రికెట్ లెక్కల్లో వైడ్, నోబాల్ బౌలర్ మీద పడతాయి. బైలు, లెగ్ బైలు పడవు. రనౌట్ అతని ఖాతాలో చేరదు. ఓవల్ గెలుపుకు ముందురోజు ప్రసిద్ధ్ కృష్ణ బౌలింగ్‌లో హ్యారీ బ్రూక్ 19 పరుగుల దగ్గర కొట్టిన బంతిని సిరాజ్ పట్టాడు. పట్టి, వెనక్కి అడుగేసి బౌండరీ గీతను తొక్కాడు. బ్రూక్ 111 దాకా పోయాడు. ఆ అదనపు పరుగుల్లో కొన్ని ప్రసిద్ధ్ లెక్కలో పడ్డాయి, మరికొన్ని తోటి బౌలర్ల లెక్కల్లో పడ్డాయి. సిరాజ్ అడుగుకు మాత్రం ఆ పుస్తకంలో గడి లేదు.