ఓడ బొమ్మయు, ఓడలోని మనుష్యులును

ప్యాపిలి మెట్టపొలముల నడుమ కూర్చుండి సముద్రపుటోడలనుగూర్చి వ్రాయుట చదువరులకు వింతగా తోచవచ్చును. కాని ఓడ బొమ్మ అధికముగా ఆకర్షించునది సముద్ర మెరుగనివారినే గదా! పూర్వము ఓడకంపెనీలు ప్రయాణికులకొరకు అచ్చొత్తించిన గోడప్రకటనలను నేడు పలువురు గొప్ప వెలయిచ్చి సేకరించుచున్నారు. వాని సౌందర్యమును మేమును కాదనము. 1935లో కసాండ్ర్ అను చిత్రకారుడు 'నార్మండీ' యను ఫ్రెంచి ఓడకు వ్రాసిన ప్రకటనలో ఓడముక్కు ఆకాశము నంటుచుండును. దాని యడుగున నలుసులవంటి కొన్ని పక్షులు. ఓడ 1942లో న్యూయార్కు రేవున కాలిపోయినది, కాగితము నిలిచినది. ఆ పటమున మనుష్యుడొక్కడును లేడు.

మన తెలుగువారు ఓడలెక్కిన తీరు వేరు. చెన్నపట్టణమునుండి బయలుదేరిన 'ట్రూరో' యను ఓడ, చెరకుతోటల కూలికి ఒడంబడిన తెలుగు తమిళ జనముతో 1860 నవంబరు 16వ తేదీన దర్బను రేవు చేరెను. 1926లో నిర్మింపబడిన 'రాజులా' యను పొగయోడ చెన్నపట్టణమునుండి మలయా రేవులకు 1970 తరువాతి వరకును నడచెను. అందు పై తరగతులలో చోటు కొలదిమందికే. వేలకొలది జనులు డెక్కుమీదనే పరుండి ప్రయాణించిరి.

అట్లయిన అందమైన పటమును చింపివేయవలెనా? వలదు. ప్రకటన అమ్మువాని మాట. తనకు అక్కరలేని దానిని మరుగుపరచుట దాని వృత్తి. సేకరించువాడు అమ్మువాడు కాడు, గతకాలమునకు కాపరి. అమ్మువాని మాటనే దాచి తక్కినది పారవేసెనా, కంపెనీ గతించిన పిమ్మటను దానికి జీతములేని దళారి యగును. దోషము అందమును ప్రేమించుటలో లేదు. అందమునే సాక్ష్యముగా నమ్ముటలో నున్నది.

నేటాలునకు పోయినవారి ఓడపట్టికలు వేరు కాగితములు. పేరు, తండ్రి పేరు, వయస్సు, ఊరు, ఒంటిమీది మచ్చ: ఇంతియే. గోడకు అలంకారము కావు. కాని దక్షిణాఫ్రికాలోని మునిమనుమడు తన పూర్వుల గ్రామమును వెదకుకొనునది అందులోనే.

మన యిండ్లలోను ఈ విచారణ అవసరము. పండుగకు ఇల్లు దులుపునపుడు రంగుబొమ్మకు చట్రము కట్టించి, రంగూనునుండి తాత వ్రాసిన జాబును పొయ్యిలో వేయుచున్నాము. బొమ్మను ఉంచుకొందము, జాబును దాని ప్రక్కనే ఉంచుదము. పిల్లలు మొదట బొమ్మనే చూతురు. పిమ్మట, ఈ ఓడలో ఎవరు పోయిరని అడుగుదురు. అప్పుడు చెప్పుటకు మనయొద్ద ఒక పేరైనను ఉండవలెను.