జగత్తునకు ఉపాదానమేది?

అలిపిరి నుండి కాలినడకను తిరుమల చేరు యాత్రికులకు మార్గము చివరి భాగమున మోకాళ్ళ పర్వతమను నిటారైన ఎక్కుడు తగులును. మోకాలిపై చేయి ఊనినగాని మెట్టు ఎక్కరాదు గనుక ఆ పేరు వచ్చినదని కొందరందురు. వైష్ణవ సంప్రదాయము చెప్పు కారణము వేరు. ఈ కొండ ఆదిశేషుని శరీరమనియు, దానిపై పాదము మోపుట అపచారమనియు తలచి భగవద్రామానుజులు మోకాళ్ళపై ప్రాకుచు ఎక్కిరనియు, అందువలననే ఆ చోటికి ఆ పేరు నిలిచినదనియు పెద్దలు చెప్పుదురు. అచట భాష్యకారుల సన్నిధి నేటికిని కలదు.

ఇదే కొండను భూగర్భశాస్త్రజ్ఞులును చూచిరి. ఘాటు రోడ్డు ప్రక్కన కొండను తొలిచిన చోట రెండు జాతుల రాళ్ళు ఒకదానిపై నొకటి పరచినట్లు కనబడును. క్రిందిది మిక్కిలి ప్రాచీనమైన గ్రానైటు. పైది క్వార్ట్‌జైటు, అనగా ఒకనాటి జలాశయము అడుగున చేరిన ఇసుక గట్టిపడి, రాయియై, కాలక్రమమున పైకి లేచినది. ఆ రెండు పొరలు కలియు గీత యొద్ద కోట్లాది సంవత్సరముల చరిత్ర లోపించి యున్నదట. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ ఆ స్థలమును జాతీయ స్మారకముగా ప్రకటించినది. బస్సులో గోవింద నామము చెప్పుకొనుచు పోవు వారిలో దానిని గమనించువారు అరుదు.

కొండ యొక్కటియే, ఉత్తరములు రెండు. దేనితో చేయబడినదని అడిగిన, ఒకరు ఇసుక యందురు, ఒకరు శేషుడందురు. కళాశాలలో భౌతికశాస్త్రము చదువుకొను మనుమడు, "తాతయ్యా, ఎంతయినను ఇది రాయియే కదా!" అనినపుడు తాతగారు కోపించుటయో, మనుమడు నాటి నుండి కొండకు రావడము మానుటయో కొన్ని ఇండ్లలో జరుగుచున్నది. కోపమును సమాధానము కాదు, మానుటయు సమాధానము కాదు. ఒకటి నిజమైనచో రెండవది కల్ల కావలసినదేనా యని విచారించుట ఇరువురకును మేలు.

ఈ విచారణ మన దేశమున క్రొత్తది కాదు. ఛాందోగ్యోపనిషత్తు ఆరవ అధ్యాయమున శ్వేతకేతువు పన్నెండేండ్ల వయస్సున గురుకులమునకు పోయి, ఇరువది నాలుగేండ్లవాడై, చదువంతయు వచ్చినదను గర్వముతో ఇల్లు చేరినాడు. తండ్రియగు ఉద్దాలకుడు అతనిని వేదమంత్రములలో పరీక్షింపలేదు. మట్టి ముద్దను గూర్చి అడిగినాడు. ఒక్క మట్టి ముద్దను ఎరిగినచో మట్టితోనైన వస్తువులన్నియు ఎరిగినట్లే. అట్లే ఏ యొక్కటి తెలిసినచో సర్వమును తెలియునో దానిని నేర్చితివా యని ప్రశ్న. పిమ్మట మర్రిపండు తెమ్మనినాడు. పండును చీల్చి గింజను, గింజను చీల్చి దాని లోపలను చూడుమనినాడు. కుమారునకు ఏమియు కానరాలేదు. ఆ కానరాని సూక్ష్మము నుండియే ఇంత మహావృక్షము నిలిచినదని తండ్రి వచనము. చీల్చుట వలదని తండ్రి అనలేదు. చీల్చుమని తానే చెప్పినాడు. కాని కంటికి కనబడుట ఆగిన చోట వస్తువు ఆగినదని భ్రమింపవద్దని హెచ్చరించినాడు.

చీల్చుచు పోవు మార్గమును శాస్త్రముగా దిద్దినవాడు వైశేషిక దర్శనకర్త యగు కణాదుడు. కిటికీ సందున పడు ఎండలో తేలియాడు నలుసును ఆ దర్శనమువారు త్ర్యణుక మనిరి. రెండు పరమాణువులు కూడి ద్వ్యణుకము, మూడు ద్వ్యణుకములు కూడి ఆ నలుసు. పరమాణువునకు భాగములు లేవు, నాశము లేదు. వేదాంతులు దీనిని అంగీకరింపలేదు. బ్రహ్మసూత్రముల రెండవ అధ్యాయమున దీనిపై వచ్చిన ఆక్షేపము సామాన్యునకును బోధపడునది: భాగములే లేని వస్తువు మరియొక దానిని ఏ ప్రక్కన తాకును? ప్రక్క యున్నచో భాగమున్నట్లే. ప్రక్క లేనిచో ఎన్ని కూడినను అవి ఒక్కదానికన్న పెద్దవి కానేరవు.

పాశ్చాత్య శాస్త్రము వేరొక దారిని, లెక్కలతోను పరికరములతోను, ఈ చీల్చుటను సాగించినది. పరమాణువును అభేద్యమని తలచిన కాలము 1897లో ఎలక్ట్రాను కనుగొనబడుటతో తీరినది. 1911లో రూథర్‌ఫర్డు పరమాణువు నడుమ కేంద్రకమున్నదని చూపెను. 1932లో న్యూట్రాను తెలిసినది. ప్రోటానులో క్వార్కులున్నవను ఊహ 1964లో పుట్టి, కొలది యేండ్లలోనే ప్రయోగముల బలము పొందినది. ఇందు మిక్కిలి ఆశ్చర్యము గొలుపునది ఒకటి కలదు. ప్రోటాను బరువులో క్వార్కుల స్వంత బరువు నూటికి ఒక పాలు మాత్రమే. తక్కినదంతయు వాని చలనమునకును, వానిని బంధించు బలమునకును చెందిన శక్తియే. మన పాదముల క్రింది రాతి బరువు సైతము అధికభాగము ఇట్టిదే. ఇక నక్షత్రములు, గ్రహములు, కొండలు, దేహములు మొదలుగా మనకు తెలిసిన పదార్థమంతయు కలిసి విశ్వమున సుమారు 5 శాతమేయని నేటి గణనము. దాదాపు 27 శాతము కృష్ణపదార్థము, 68 శాతము కృష్ణశక్తి యని పేర్లు పెట్టిరి. అవి యేవియో ఇంకను తేలలేదు.

ఇట్టి సంగతి వినినంతనే "ఇదంతయు మన ఋషులు ముందే చెప్పిరి" అనుట కొందరికి పరిపాటి. ఈ మాట ఋషులకు గౌరవము కాదు. కోలారు బంగారు గనులలో రెండు కిలోమీటర్లకు పైబడిన లోతున మన శాస్త్రజ్ఞులు, జపాను, ఇంగ్లండు దేశీయులతో కూడి, ఆ చీకటిలోను ఆ వేడిలోను శ్రమించి 1965లో న్యూట్రినోల జాడ పట్టిరి. వారి శ్రమ వారిది. ఉద్దాలకుడు అడిగినది వేరు ప్రశ్న. దానిని ఇందులో కలిపివేసినచో రెండును చెడును.

ఆ వేరు ప్రశ్న ఏదియో బృహదారణ్యకము చూపును. జనకుని సభలో యాజ్ఞవల్క్యుని ప్రశ్నించిన వారిలో ఈ ఉద్దాలకుడే ఒకడు. ఛాందోగ్యమున బోధించినవాడు ఇచట జిజ్ఞాసువై నిలిచినాడు. ఈ లోకమును, పరలోకమును, సర్వభూతములను కూర్చిన సూత్రమేది, లోపల నుండి నడుపువాడెవడు అని అతని ప్రశ్న. యాజ్ఞవల్క్యుని ఉత్తరము ఒకే మూసలో మరల మరల సాగును. భూమిలో నుండువాడు, భూమి యెరుగనివాడు, భూమి శరీరముగా గలవాడు, భూమిని లోపల నుండి నియమించువాడు, అతడే అంతర్యామి. అట్లే జలము, అగ్ని, ఆకాశము, సూర్యుడు, దిక్కులు. అట్లే తమస్సు, తేజస్సు. అట్లే కన్ను, చెవి, మనస్సు. దేనితో అను ప్రశ్న క్రమముగా ఎవనికి అను ప్రశ్నగా మారినది.

భగవద్రామానుజుల సిద్ధాంతమునకు ఈ ఘట్టమే ప్రాణము. శరీరమనగా చేతులు కాళ్ళు గలదని లోకము తలచును. శ్రీభాష్యమున వారు చూపిన లక్షణము అది కాదు. చేతనుని చేత నిలుపబడి, అతని చేత నడుపబడి, అతని కొరకే యుండు ద్రవ్యము అతనికి శరీరము. ఈ లక్షణము ననుసరించి చిదచిత్తులు రెండును, అనగా జీవులును జడమును, భగవంతునకు శరీరములు. ప్రళయమున నామరూపములు లేక సూక్ష్మముగా నున్న ఆ శరీరముతో కూడిన బ్రహ్మమే కారణము. నామరూపములతో స్థూలముగా విరిసిన అదే శరీరముతో కూడిన బ్రహ్మమే కార్యము. కుండకు మట్టి వేరు, కుమ్మరి వేరు. జగత్తునకు మట్టియు కుమ్మరియు అతడే.

ఇచట ఒక జాగ్రత్త అవసరమైనది. బ్రహ్మమే తన స్వరూపమున జగత్తుగా మారెనని చెప్పినవారును కలరు. కాంచీపురమున రామానుజులకు తొలుత గురువైన యాదవప్రకాశుల మతము అట్టిదని చెప్పుదురు. ఆ పక్షమున లోకములోని వికారములన్నియు బ్రహ్మమునకే అంటును. రామానుజుల మతమున అట్లు గాదు. బాల్యము, యౌవనము, ముదిమి దేహమునకే గాని దేహికి లేవు. రాయి అరుగుట, పండు కుళ్ళుట, నక్షత్రము చల్లారుట శరీరగతములు. లోకము మిథ్యయనియు చెప్పనక్కరలేదు, భగవంతుడు చెడెననియు చెప్పనక్కరలేదు.

మరి మోకాళ్ళ పర్వతము మాటకు వచ్చినచో, ఒక సందేహము తప్పదు. భూమియంతయు భగవచ్ఛరీరమే యైనచో శ్రీపెరుంబూదూరు వీథులలోను, శ్రీరంగము ఇసుకలోను పాదములతో నడచిన ఆచార్యులు ఇచట మాత్రమేల ప్రాకిరి? అంతయు శరీరమైనపుడు తీర్థమునకును కాలువ నీటికిని భేదమేమి? ఇది ఎగతాళికి అడుగు ప్రశ్న గాదు. సిద్ధాంతము నిలుచుటయో పోవుటయో దీనిపై నున్నది.

శేషమను పదమే దీనికి ఉత్తరము. ఇతరుని కొరకే ఉనికి గలది శేషము. ఎవని కొరకో అతడు శేషి. ఏడు కొండలకు శేషాద్రి యను పేరు ఆదిశేషుని వలన కలిగినది. అతనికి ఆ పేరు తగినదగుటకు కారణము ఈ అర్థమే. పడకయై, గొడుగై, పాదుకయై తన కొరకు తాను ఏమియు మిగుల్చుకొననివాడు అతడు. లోకమున సమస్త ద్రవ్యమును శేషమే యైనను మన కంటికి అట్లు కనబడదు. మన సొత్తుగా కనబడును. ఈ కొండ యొద్ద ఆ సంగతి పేరులోనే వెలువడినది గనుక మోకాళ్ళు వంగినవి. కాలువ నీరు స్వామిది కాకపోలేదు. దానిని అట్లు చేసినవారు మనము. తీర్థమున స్వామిత్వమును ఒప్పుకొని చేయి చాచుచున్నాము, కాలువ యొద్ద మరచుచున్నాము.

రెండవ సందేహము ఇంతకన్న బరువైనది. 1977 నవంబరు 19వ తేదీ తుపానులో సముద్రము దివిసీమపై పడి వేలాది ప్రాణములను హరించినది. ఆ నీరును భగవచ్ఛరీరమేనా? సిద్ధాంతము కాదని చెప్పజాలదు. పిత్తము ప్రకోపించినవానికి పాలు రుచింపవు, రోగము తగ్గినకొలది ఆ పాలే తీయనగును అని శ్రీభాష్యమున ఒక దృష్టాంతము కలదు. కర్మబద్ధునకు దుఃఖముగా తోచు జగత్తు ముక్తునకు ఆనందమయమని దాని భావము. దృష్టాంతము యుక్తమైనదే. కాని అది ఎవనికి వాడు తన దుఃఖమున చెప్పుకొనవలసినది. బిడ్డను పోగొట్టుకొన్న తల్లికి ఒడ్డున నిలిచి చెప్పవలసినది గాదు. ఒడ్డున నిలిచినవానికి సిద్ధాంతము వేరొక పని పెట్టినది. మునిగిన దేహములును, మిగిలిన దేహములును భగవంతునివే. వారికి వండి పెట్టిన గంజి కైంకర్యమే యగును. సముద్రము ఏల అట్లు చేసెనను ప్రశ్నకు అది ఉత్తరము గాదు. ఆ ప్రశ్న అట్లే నిలిచియే యుండును.

మనుమడు చెప్పినది అబద్ధము గాదు. కొండ రాయియే. ఆ రాయి ఇసుక, ఆ ఇసుక సిలికాన్, ఆక్సిజన్. వాని లోపల ప్రోటానులు, ఇంకను లోపల మొత్తమునకు తిరుగుచున్న శక్తి. అతడు చదివినకొలది ఇంకను లోనికి పోవలెను. ఉద్దాలకుడును గింజను చీల్చుమనియే చెప్పినాడు. తాతగారు చెప్పునది ఈ లెక్కలో చేరు మరియొక పదార్థము గాదు. ఇల్లు దేనితో కట్టిరని అడిగినవానికి ఇటుక, సున్నము, టేకు అని చెప్పవలెను. ఇల్లు ఎవరిదని అడిగినవానికి ఇటుకల లెక్క చెప్పిన పనికిరాదు. ఇటుకలను ఎంత పొడి చేసినను అందు యజమాని పేరు దొరకదు. దొరకలేదు గనుక యజమాని లేడనుటయు, యజమాని యున్నాడు గనుక ఇటుకలు లేవనుటయు సమానమైన తొందరపాటులు.

అలిపిరి మెట్లు 3,550 అని లెక్క. మ్రొక్కుకొన్న స్త్రీలు తెల్లవారుజామున పసుపు కుంకుమల పొట్లములతో బయలుదేరి, ప్రతి మెట్టు కడను వంగి, వ్రేలితో పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, మరియొక మెట్టు ఎక్కుదురు. నడుము నొచ్చినచో ప్రక్కన కూర్చుండి, మంచినీరు త్రాగి, మరల లేతురు. మోకాళ్ళ పర్వతము చేరునప్పటికి ఎండ ముదిరియుండును. అచట మెట్లు నిలువుగా నుండుటచే వంగనవసరము లేదు. ఎదుటి మెట్టు చేతికే అందును.