తప్పక వచ్చెదము



ద్రాక్షతోటకు తండ్రి పంపిన ఇద్దరు కుమారుల ఉపమానము (మత్తయి 21) మనకు సండే స్కూలు నాటినుండి తెలిసినదే. ఒకడు మొదట కాదని చెప్పినను తరువాత పనికి దిగెను. మరియొకడు వినయముగా ఒప్పుకొని ఇంటి పట్టుననే ఉండిపోయెను. ఈ ఇద్దరిలో మేమెవరమో మాకు తెలిసినది మన గుడిలో కాదు, చెక్ దేశములో.

పైచదువు నిమిత్తము మేము ఆ దేశములోని బ్ర్నో పట్టణమునకు వెళ్లితిమి. ప్రాగ్ నగరము తరువాత అక్కడ అదియే పెద్దది. బఠాణీ మొక్కలను పెంచి, తల్లి మొక్క తండ్రి మొక్క లక్షణములు పిల్ల మొక్కలకు ఎట్లు వచ్చునో కనిపెట్టి 1866లో అచ్చువేయించిన మెండెల్ అను సన్యాసి మఠము అక్కడనే ఉన్నది. రైతు కుటుంబమునుండి వెళ్లినవారము గనుక మొదట చూడబోయినది ఆ తోటనే.

తోట నచ్చెను గాని మనుష్యులు నచ్చలేదు. ఇక్కడివారికి ప్రేమ లేదని ఇంటికి ఫోను చేసినప్పుడెల్ల చెప్పుచుంటిమి. ట్రాములో ప్రక్కన కూర్చున్నవారు ఏ ఊరని అడుగరు. దుకాణములో అడుగు పెట్టగానే "దోబ్రీ దెన్" అని నమస్కారము చెప్పుదురు, అంతటితో సరి. మన భాషలోవలెనే మీరు, నీవు అను భేదము వారికిని కలదు. "వి" అనగా మీరు, "తి" అనగా నీవు. పరిచయమైనంత మాత్రమున "తి" అనరాదు. పెద్దవారే ముందుగా అనుమతి ఇయ్యవలెను. దారిన పోవువారినైనను బాబాయి, అక్కా అని వరుస కలిపి పిలుచు మాకు ఇది మూసిన తలుపువలె తోచెను.

ఒకనాడు తోటి విద్యార్థిని బాగున్నావా అని అడిగితిమి. రాత్రి నిద్ర పట్టలేదనియు, తాతగారికి జబ్బు హెచ్చినదనియు అతడు నిలుచుండి చాలసేపు చెప్పెను. మేము గడియారము చూచుకొంటిమి. అడిగినవారము మేమే గదా!

ఆ విద్యార్థియే అక్టోబరులో మమ్మును తన ఊరికి పిలిచెను. శనివారము వచ్చినయెడల అడవిలో పుట్టగొడుగులు ఏరుదుమనియు, తల్లి భోజనము పెట్టుననియు చెప్పెను. వర్షములు కురిసిన తరువాత బుట్టలు పట్టుకొని అడవికి పోవుట చెక్ వారికి, ముసలివారు మొదలు పిల్లలవరకు, గొప్ప వేడుక. ఆ చలిలో పోవుటకు మాకు మనసు లేదు. అయినను మొగము మీద కాదనుట మర్యాద కాదని, తప్పక వచ్చెదమని చెప్పితిమి. శనివారము దుప్పటి కప్పుకొని పండుకొంటిమి. ఫోను మ్రోగెను. తీయలేదు.

సోమవారము అతడు వచ్చినప్పుడు మొగమున కోపము లేదు. "జబ్బు చేసినదా?" అని అడిగెను. లేదంటిమి. "మరి వచ్చెదనని ఎందుకు చెప్పితివి?" ఎదుటివారిని నొప్పింపకుండుటకు మా ప్రాంతమున అట్లు చెప్పుదుమంటిమి. అతడు కొంచెము ఆలోచించి, "మా అమ్మ స్టేషనులో రెండు రైళ్లు చూచినది" అని మాత్రము పలికి తరగతికి వెళ్లిపోయెను.

ఇది అబద్ధమా? కాదనియే మేము చాలకాలము మాలో మేము వాదించుకొంటిమి. మన పల్లెలలో "చూతము లెండి" అనగా రామని, "తప్పక" అనగా బహుశా అని పిలిచినవారికి తెలియును. ఇరువురికి తెలిసిన వాడుక మోసమెట్లగును? ఈ వాదములో బలము లేకపోలేదు. కాని మా వీధిలోని ఒక విధవరాలు జ్ఞాపకమునకు వచ్చెను. క్రిస్మసు మరునాడు ఆమె కొందరిని భోజనమునకు పిలిచి, వచ్చెదమన్నవారందరికి సరిపడ బియ్యము పోసి, ప్రొద్దు గూకిన తరువాత ఆ అన్నమును గేదెల కుడితిలో కలుపుట చిన్ననాడు కన్నులార చూచితిమి. ఆమెకు వాడుక తెలియక కాదు. ఎవరు వత్తురో, ఎవరు రారో తెలియక వండెను. తీయని మాట పలికినది మన పెద్దలు, దాని ఖర్చు భరించినది ఆమె.

చలికాలములో గది మారవలసివచ్చి ఆ విద్యార్థినే సాయమడిగితిమి. పరీక్ష ఉన్నది, మాట ఇయ్యలేననెను. నాటి సంగతి మనసులో ఉంచుకొన్నాడని తలంచితిమి. గది మారు దినమున ఉదయము ఏడు గంటలకు అతడు వచ్చి తలుపు తట్టెను!

ఈ జనులు మాటను ఇంతగా ఎందుకు తూచుదురు? 1948 మొదలు 1989 వరకు సాగిన కమ్యూనిస్టు పాలనలో రహస్య పోలీసులు పొరుగువారిచేతనే పొరుగువారి మాటలు చెప్పించుకొని దస్తరములలో చేర్చిరి. 1968 ఆగస్టులో సోవియట్ దేశము, దాని మిత్రులు పంపిన ట్యాంకులు వీధులలోనికి వచ్చిన పిమ్మట బిగువు మరింత హెచ్చెను. అట్టి దినములలో మనసు విప్పుట ఇంటి గడపకు లోపలనే. అంతయు దానివలననే అనుట మాకు సమ్మతము కాదు. యాన్ హుస్ అను బోధకుడు తాను చెప్పిన మాటను వెనుకకు తీసికొననందున 1415 జూలై 6న కాల్చబడెను. ఆ దినము నేటికిని అక్కడ సెలవు దినము. వారి అధ్యక్షుని ధ్వజము మీద సత్యము జయించునని వ్రాసి ఉన్నది. మన మూడు సింహముల క్రింద ఉన్నదియు అదియే.

వారి సత్యము ఒక్కొక్కప్పుడు మొరటుదే. నీ భాష నాకు అర్థము కాలేదని నలుగురిలో చెప్పిన దుకాణదారురాలిని మేము మెచ్చుకొనలేము. అయినను ఒక సంగతి మాకు ఇప్పటికిని మింగుడుపడదు. 2021 జనాభా లెక్కలలో ఆ దేశస్థులలో దాదాపు సగము మంది తమకు ఏ మతమును లేదని వ్రాయించుకొనిరి. మా స్నేహితుడును అట్టివాడే. ప్రతి ఆదివారము కీర్తనలు పాడుచు పెరిగిన మా మాటకంటె, గుడి గడప తొక్కని అతని మాట గట్టిదాయెను.

వసంతకాలములో మేమే అడిగితిమి, మీ అమ్మగారిని చూడవచ్చునా అని. "వత్తువా?" అనెను. వత్తునంటిమి. తప్పక అను మాట నాలుక చివరకు వచ్చెను గాని మింగితిమి.

ఆమె స్టేషనులో నిలిచి ఉండెను. మన ఇండ్లలోవలెనే అక్కడను గడపయొద్ద జోళ్లు విడువవలెను. అతిథులకని ఉంచిన మెత్తని చెప్పులు మా ముందర పెట్టెను. కాల్చిన బాతు, పుల్లని క్యాబేజీ, పిండిముద్దను ఉడికించి బిళ్లలుగా కోసిన క్నెడ్లీకీ వడ్డించెను. ఎక్కువగా మాటలాడలేదు, నవ్వలేదు. జరిగినదానిని గూర్చి క్షమాపణ చెప్పబోగా, తినుమని చేతితో సైగ చేసెను.

తిరిగి బయలుదేరునప్పుడు అలమరలోనుండి ఒక గాజు సీసా తీసి మా చేతిలో ఉంచెను. అక్టోబరులో ఏరి ఎండబెట్టిన పుట్టగొడుగులు. "నీ వంతు" అనెను. మీ అనలేదు. సీసాకు అంటించిన చీటీ మీద మా పేరు, రెండు అక్షరములు తప్పుగా, పెన్సిలుతో వ్రాసి ఉండెను.