ఓర్పు ఎవరి వ్రతం?

గుడిగంట మోగితే చెవులు మూసుకుని ఏడ్చే పిల్లలుంటారు. చొక్కా మెడపట్టీ గుచ్చుకుంటోందని విప్పి పారేసేవాళ్లు, పెరుగన్నం నాలుకకు తగలగానే కక్కేసేవాళ్లు, పుట్టువెంట్రుకలు తీయిస్తుంటే గుక్కపట్టేవాళ్లు ఉంటారు. చూసినవాళ్లు మొండితనమంటారు, పెంపకం లోపమంటారు. ఇంద్రియాలను అదుపులో పెట్టుకోవడమే సంస్కారమన్న పాత నీతి ఆ మాటల వెనుక ఉంది. నీతి మంచిదే. అయితే దాన్ని ఈ పిల్లల మీద ప్రయోగించడానికి మన దర్శనాలు ఒప్పుకోవని నా వాదన.

కఠోపనిషత్తు ఇంద్రియాలను గుర్రాలతో, మనసును కళ్లెంతో, బుద్ధిని సారథితో పోల్చింది. కళ్లెం చేతికందిన సారథికే ఆ ఉపదేశం. సాంఖ్యకారిక మరింత సూటిగా మాట్లాడుతుంది. అది 28 అశక్తులను లెక్కగట్టి, వాటిలో 11 ఇంద్రియాలు దెబ్బతినడం వల్ల కలిగేవేనంది. విపరీత జ్ఞానాన్ని వేరే వర్గంలో ఉంచింది. అంటే చేయలేకపోవడాన్నీ, తప్పుగా తెలుసుకోవడాన్నీ ఒకే గాటన కట్టలేదు. దాని వ్యాఖ్యానాలు ఇచ్చే ఉదాహరణలు చెవుడు, గుడ్డితనం వంటివే, నిజమే. కానీ అందని శబ్దం అశక్తి అయినప్పుడు, తట్టుకోలేనంతగా అందే శబ్దం దోషమెలా అవుతుంది? అమెరికన్ ఆక్యుపేషనల్ థెరపిస్టు జీన్ ఎయిర్స్ 1972లో ప్రచురించిన పుస్తకంలో, చిక్కు చెవిలోనో చర్మంలోనో కాక, అవి పంపే సమాచారాన్ని మెదడు కూర్చుకునే తీరులో ఉండవచ్చని ప్రతిపాదించారు.

ఇలాంటి ఇంద్రియ ఇబ్బందిని ప్రత్యేక రుగ్మతగా వైద్యులే ఒప్పుకోలేదు కదా అనవచ్చు. మానసిక రుగ్మతల నిర్ధారణకు వాడే గ్రంథం, 2013 నాటి డీఎస్ఎం-5, దీనికి విడిగా చోటివ్వని మాట వాస్తవం. అదే గ్రంథం స్పర్శకూ శబ్దానికీ అతిగానో, మరీ తక్కువగానో స్పందించడాన్ని ఆటిజం లక్షణాల్లో చేర్చింది. పేరు మీద తగవు తేలనంత మాత్రాన బాధ అబద్ధం కాదు. ఇక గీత రెండో అధ్యాయం శీతోష్ణాలను సహించమంది కదా అన్నది బలమైన ఆక్షేపం. కానీ ఆ మాట విన్నవాడు అర్జునుడు: ఎదిగినవాడు, ప్రశ్నించగలవాడు, చివరికి నీ ఇష్టమొచ్చినట్టు చెయ్యమనిపించుకున్నవాడు. గీత చెప్పిన ఆ ఓర్పు, అంటే తితిక్ష, ఎవరికివారు పూనుకునే సాధన. మొక్కుకున్నది పెద్దలైతే, ఓర్చుకోవలసింది బిడ్డ అయితే, అది తితిక్ష అనిపించుకోదు.

ఇలా వెనకేసుకొస్తే పిల్లలకు ఎప్పటికీ అలవాటు కాదన్న భయంలో కొంత న్యాయముంది. లోకంలో గంటలూ మైకులూ ఉంటాయి. అయితే అలవాటు చేయడం వేరు, బలవంతంగా ముంచెత్తడం వేరు. నిపుణుల సాయంతో, బిడ్డ తట్టుకోగలిగినంత మేరకు, ఆపమన్నప్పుడు ఆపుతూ మెల్లగా పెంచేది అభ్యాసం. అన్ని చికిత్సలకూ గట్టి రుజువులు లేవు కాబట్టి, ఫలితాన్ని గమనిస్తూ సాగాలి. ఈలోగా నిగ్రహం చేతనైనవాళ్లే దాన్ని పాటించాలి. రద్దీ లేని వేళ దర్శనానికి వెళ్లడం, మైకు తగ్గించమని అడగడం, మొక్కును వాయిదా వేయడం, ఏడ్చే బిడ్డ తల్లిని నిందించబోయే నోటిని కట్టుకోవడం పెద్దలు చేయగలిగినవే. ఇంద్రియ నిగ్రహం గొప్ప ధర్మమని నమ్మేవారికి, దాన్ని ముందుగా ఆచరించవలసిన బాధ్యత కూడా ఉంది.