మైలుకెంత, ఏడాదికెంత

టైరు పక్కగోడ మీద చిన్న గడి గీసి, దాని లోపల నాలుగంకెలు అచ్చుపోసి ఉంటాయి. నా కారు టైర్ల మీద ఉన్నవి 1714. అంటే 2014లో పదిహేడో వారంలో తయారైన టైర్లన్నమాట. 2024 ఏప్రిల్‌లో ఒక శనివారం, చలికాలమంతా కారు మీద కప్పి ఉంచిన గుడ్డ తీసి, చక్రం పక్కన కూర్చుని ఆ అంకెలు చదివాను. గాడిలో వేలు పెట్టి చూస్తే లోతు బాగానే ఉంది, సగం కూడా అరగలేదు. కానీ గోరుతో నొక్కితే రబ్బరు లొంగలేదు. గాడి అడుగున వెంట్రుకల్లాంటి పగుళ్లు కనిపించాయి. గాడి ఎంత మిగిలున్నా సరే, పదేళ్లు నిండితే తీసేయమని టైరు కంపెనీలే చెబుతాయి. కొత్తవి నాలుగింటికీ బిగింపు కూలీతో కలిపి 420 డాలర్లయింది. ఆ రాత్రి పద్దు పుస్తకంలో రాసుకుని, ఆ వరుస వంకే చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. వెళ్లని దారులకి డబ్బు కట్టినట్టనిపించింది.

కారు 1992 నాటి మాజ్దా మియాటా. ఇద్దరే కూర్చునే, పైకప్పు వెనక్కి మడుచుకునే చిన్న స్పోర్ట్స్ కారు. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో ఈ కారుని మొదటిసారి జనానికి చూపించారు. తయారయ్యేది హిరోషిమాలో. ఇంజను 1,598 సీసీ, బలం 116 హార్స్‌పవర్. ఈ రోజుల్లో పిల్లల్ని బడికి దింపే కార్లకి అంతకన్నా ఎక్కువే ఉంటుంది. దీని గొప్పతనం వేగంలో లేదు. దీన్ని రూపొందించినవాళ్లు ‘జిన్బా ఇత్తాయి’ అనే జపాను మాటని ఎదురుగా పెట్టుకుని పనిచేశారు. గుర్రమూ రౌతూ ఒక్కటైపోవడం అని దాని అర్థం. మేముండే ఒహాయోలోని కొలంబస్ నుంచి హాకింగ్ హిల్స్ దాకా వెళ్లి, అక్కడ 374 నంబరు రోడ్డు మలుపుల్లో రెండో గేరులో తిరుగుతుంటే ఆ మాట మణికట్టుకి అర్థమవుతుంది.

2009లో కొన్నాను. ధర 3,200 డాలర్లు, మీటరు మీద 78,000 మైళ్లు. కొన్న రోజే పద్దు మొదలుపెట్టాను. తేదీ, మైళ్లు, చేసిన పని, అయిన ఖర్చు. పెట్రోలూ ఇన్సూరెన్సూ ఇందులో కలపలేదు, కారుని కారుగా నిలబెట్టడానికి అయిన డబ్బు మాత్రమే రాశాను. అప్పుడు నా మనసులో ఉన్నది ఒకటే ప్రశ్న: దీన్ని ఎప్పుడు అమ్మేయాలి? మైలుకి ఎంత పడుతోందో చూసుకుంటూ ఉంటే ఏదో ఒక రోజు ఆ అంకె హద్దు దాటుతుంది, ఆ రోజు వదిలేసుకోవచ్చు అనుకున్నాను.

పదిహేనేళ్లలో 43,000 మైళ్లు తిరిగాను, 11,400 డాలర్లు ఖర్చయింది. మైలుకి దాదాపు 27 సెంట్లు. ఇంతవరకే చూస్తే కంగారుపడాల్సిందేమీ లేదు. కానీ ఆ రాత్రి పుస్తకాన్ని ఐదేసి ఏళ్ల చొప్పున మూడు ముక్కలుగా కూడి చూశాను. మొదటి ఐదేళ్లు 24,000 మైళ్లు, 3,100 డాలర్లు, మైలుకి 13 సెంట్లు. తర్వాతి ఐదేళ్లు 13,000 మైళ్లు, ఖర్చు మళ్లీ 3,100, మైలుకి 24 సెంట్లు. చివరి ఐదేళ్లు 6,000 మైళ్లు, 5,200 డాలర్లు. మైలుకి 87 సెంట్లు.

తిరగడం నాలుగో వంతుకి పడిపోయింది. ఖర్చు మాత్రం పెరిగింది. తిరగడం తగ్గించింది నేనే, కారు పాతబడుతోంది కదా, కాస్త దాచుకుందామని. వానొచ్చేలా ఉంటే తియ్యలేదు. ఆఫీసు పార్కింగులో పక్కవాళ్ల తలుపు తగులుతుందేమోనని తియ్యలేదు. ఒహాయోలో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, ఆ ఉప్పు రేకుని తినేస్తుంది కాబట్టి నవంబరు నుంచి మార్చి దాకా అసలే తియ్యను. అది సరైన పనే. మిగతావన్నీ భయాలు. దాచుకుంటే మిగులుతుందన్న నమ్మకం ఎంత లోతుగా నాటుకుపోయిందంటే, పుస్తకం నా చేతిలోనే ఉన్నా అది చెబుతున్నది ఐదేళ్లు నాకు వినపడలేదు.

చివరి ఐదేళ్ల వరుసల్ని ఒక్కొక్కటే మళ్లీ చదివాను. పైకప్పు మార్పించడానికి 1,300. వెనక ఉన్న ప్లాస్టిక్ అద్దం పచ్చబడి, కుట్లు ఊడిపోయాయి. టైమింగ్ బెల్టు, నీళ్ల పంపు, ముందువైపు సీళ్లు కలిపి 1,100. రేడియేటర్ గొట్టాలు. డిక్కీలో ఉండే బ్యాటరీ, రెండుసార్లు. క్లచ్ స్లేవ్ సిలిండర్, లోపలి రబ్బరు వాషరు ఎండిపోయి. రెండేళ్లకోసారి బ్రేక్ ఫ్లూయిడ్, ఎందుకంటే అది గాలిలోని తేమని పీల్చుకుంటుంది, బండి కదలకపోయినా పీల్చుకుంటూనే ఉంటుంది. ఇప్పుడు టైర్లు. అంత జాబితాలో తిరగడం వల్ల అరిగినవి ఒక్క బ్రేక్ ప్యాడ్లే. మిగతాదంతా కాలానికి కట్టిన అద్దె. పదిహేనేళ్లుగా నేను ఖర్చుని మైళ్లతో భాగిస్తూ వచ్చాను. భాగించాల్సింది ఏళ్లతో.

ఇది కొత్తగా తెలుసుకోవాల్సిన విషయం కూడా కాదు. మా ఇంట్లోనే చూశాను. తెనాలిలో అమ్మ బీరువాలో పై అరన ఆమె పెళ్లినాటి కంచిపట్టు చీర ఉంటుంది. పాడైపోతుందని ఎన్నడూ కట్టేది కాదు. తెల్లగుడ్డలో చుట్టి, చుట్టూ కలరా ఉండలు పెట్టి ఉంచేది. మా చెల్లి పెళ్లికని తీసి విప్పితే మడత పడిన ప్రతిచోటా బ్లేడుతో కోసినట్టు చీలి ఉంది. మరక లేదు, మాసింది లేదు, జరీ మెరుపు తగ్గలేదు. మడతలు మాత్రం తెగిపోయాయి. అమ్మ ఒళ్లో పరుచుకుని చీలిన చోట వేలితో రాస్తూ, “ఏటా తీసి మడత మార్చినా నిలిచేదిరా. కట్టుకున్నా నిలిచేది” అంది. పక్కనే రోజువారీ నేతచీరలు, వందసార్లు ఉతికినవి, మెత్తబడి చక్కగా ఉన్నాయి. ఆ రోజు అది చీరల సంగతి అనుకున్నాను.

పద్దు గురించి ఇంకో మాట చెప్పాలి. అది ఖర్చుపెట్టినదే చెబుతుంది, పెట్టకుండా ఆపుకున్నది చెప్పదు. 2011లో టైమింగ్ బెల్టు మార్పించాను. ఈ ఇంజనుకి 60,000 మైళ్లకోసారి మార్చాలి, అంతకుముందువాళ్లు మార్చారో లేదో చెప్పే ఒక్క కాగితమూ నా దగ్గర లేదు. ఎలాగూ అంతా విప్పాం కదా, నీళ్ల పంపు కూడా మార్చేద్దామా అని షెడ్డులో అడిగారు. పంపు బాగానే ఉంది, వద్దన్నాను. పద్నాలుగు నెలలకి పంపు దగ్గర నీరు కారడం మొదలైంది. పంపు ధర కొద్దిపాటిదే. కానీ దాన్ని చేరుకోవాలంటే మళ్లీ అదే బెల్టు విప్పాలి, అదే కూలీ మళ్లీ కట్టాలి. పుస్తకంలో 2012 దగ్గర ‘నీళ్ల పంపు’ అని ఖర్చు రాసి ఉంది. ఆ ఖర్చు పుట్టింది 2011లో, నా నోట్లోంచి వచ్చిన ఒక్క ‘వద్దు’లో. ఆ రోజు దగ్గర దాని గురించి ఏమీ రాసి లేదు.

అయినా ఈ కారు దయగలది. టైమింగ్ బెల్టు తెగినా ఈ 1.6 లీటర్ల ఇంజనులో వాల్వులు పిస్టన్లకి తగలవు, బండి ఆగిపోతుంది, అంతే. చాలా ఇంజన్లలో ఆ ఒక్క బెల్టు తెగితే ఇంజనే పోతుంది. 1990లలో వచ్చిన ఫెరారీ ఎఫ్355కి బెల్టు మార్చాలంటే ఇంజనునే కిందికి దించాలి. అక్కడా రబ్బరు బెల్టే, ఇక్కడా రబ్బరు బెల్టే. ఎండిపోవడానికి పట్టే కాలమూ దాదాపు ఒకటే. మనిషి చెయ్యి అక్కడికి చేరడానికి ఎంత కష్టపడాలన్న దాంట్లోనే తేడా.

మా నాన్నదీ పద్దు రాసే అలవాటే. కాలువ నుంచి పొలానికి నీళ్లు తోడే ఆయిల్ ఇంజనుకి ఒక నోటుపుస్తకంలో కొన్ని పేజీలు విడిగా ఉంచాడు. రింగులు, నాజిల్, బెల్టు, ఎవరు చేశారు, ఎంత ఇచ్చాం. అన్నీ ఉండేవి, కింద కూడిక మాత్రం ఉండేది కాదు. ఇంటర్ చదివే రోజుల్లో నేను పెన్సిలుతో కూడబోతే ఆపాడు. “కూడి ఏం చేసుకుంటాంరా? దానికి ఏం చేయించామో మర్చిపోకుండా ఉంటే చాలు.” లెక్క రానివాడి మాటలా వినిపించింది నాకు. ఇప్పుడు తెలుస్తోంది, నేను మొత్తం తెలుసుకోవడానికి రాస్తున్నాను, ఆయన ఇంజను తెలుసుకోవడానికి రాశాడు. నేను కొన్న కారుతో అలాంటి నాలుగు పేజీలు వచ్చి ఉంటే 2011లో ఆ బెల్టు గురించి గుడ్డిగా ఉండేవాణ్ణి కాదు. పాత కార్లు కొనేవాళ్లు బిల్లుల కట్ట కోసం వెతికేది ఇందుకే. ఎంత ఖర్చుపెట్టారన్నది వాళ్లకి అనవసరం. ఏ సంవత్సరంలో ఎవరి చెయ్యి ఎక్కడ పడిందో వాళ్లకి కావాలి.

2017లో మాజ్దా, జపానులో ఈ మొదటి తరం కార్లని బాగుచేసి ఇచ్చే ఏర్పాటు ప్రకటించింది. అందుకోసం ఆపేసిన విడిభాగాలు కొన్ని మళ్లీ తయారుచేయించింది. పైకప్పు గుడ్డ, చెక్క స్టీరింగు చక్రం, వాటితోపాటు ఆ రోజుల్లో ఈ కారుకి వేసిన టైరు నమూనాని కూడా మళ్లీ అచ్చుపోయించారు. అదే కొలత, 185/60 పద్నాలుగు అంగుళాలు. ఆ వార్త చదివినప్పుడు నాకు గొంతు పట్టేసింది. ఇనుము దానంతటది చాలాకాలం నిలుస్తుంది. రెండు ఇనుపముక్కల మధ్య ఉండే మెత్తటివి ముందు పోతాయి, బుష్షులు, సీళ్లు, గొట్టాలు. కారు నడుస్తున్నప్పుడు మనకి హాయిగా అనిపించేది ఆ మెత్తటివాటి వల్లే. పాత కారుని కాపాడుకోవడమంటే చాలావరకు వాటిని కాపాడుకోవడమే.

ఇంతకీ నా పుస్తకంలో అన్నిటికన్నా విలువైన పని ఎక్కడా రాసి లేదు. 2016 వేసవిలో డ్రైవరు సీటు వెనక కార్పెట్ తడిగా తగిలింది, ముక్కవాసన. ఈ కారులో పైకప్పు మడతపడే చోట, సీట్ల వెనక, చిన్న కాలువలాంటి రబ్బరు పట్టీ ఉంటుంది. కప్పు మీద పడ్డ వాన అందులో చేరి, రెండు పక్కలా గొట్టాల్లోంచి దిగి, వెనక చక్రాల ముందు నేల మీద పడాలి. ఆకులూ మట్టీ చేరి గొట్టం పూడుకుపోతే ఆ నీరు తలుపు కింది పెట్టెలాంటి రేకులోకి పోయి లోపల్నుంచి తుప్పు పట్టిస్తుంది. పైన రంగు ఉబ్బేదాకా ఎవరికీ తెలియదు. తెలిశాక ఆ రేకు కోసి కొత్తది వెల్డింగు చేయించాలంటే వేల డాలర్లు. గడ్డి కోసే మిషనులో వాడే లావుపాటి నైలాను తీగ ముక్క తీసుకుని, గొట్టంలోకి మెల్లగా తోశాను. ఒకచోట మెత్తగా అడ్డు తగిలింది. అటూ ఇటూ తిప్పుతూ తోస్తే ఉన్నట్టుండి వదిలి, కారు కింద నల్లటి నీళ్లు బుడబుడమని పడ్డాయి. ఆకుల ముద్ద ఒకటి పిడికెడంత బయటికొచ్చింది. రెండో పక్క కూడా చేసి, చెంబుతో నీళ్లు పోసి, పోసినవన్నీ కిందికి దిగేదాకా మోకాళ్ల మీద కూర్చుని విన్నాను. డబ్బేమీ కాలేదు కాబట్టి ఆ రోజు పుస్తకంలో లేదు.

టైర్ల బిల్లు రాసిన రాత్రి తర్వాత పుస్తకం రాసే పద్ధతి మార్చాను. మైలుకెంత అన్న గడి తీసేశాను. బండి తీసి కనీసం ఇరవై మైళ్లు తిప్పి, ఇంజను పూర్తిగా వేడెక్కించి తెచ్చిన ప్రతి రోజూ రాస్తున్నాను. కప్పు విప్పి ఆరబెట్టిన రోజు రాస్తున్నాను. అమ్మేయాలా వద్దా అన్న ప్రశ్నకి జవాబు రాలేదు, దాన్ని అడగడం మానేశాను. మా ఆవిడ చదివి, “ఇవేంటండీ, అన్నీ సున్నాలే” అంది. అవును, ఈ రెండు పేజీల్లో ఎక్కువ సున్నాలే.

చివరి వరుస ఇది: ఏప్రిల్ 28. 1,21,046 మైళ్లు. హాకింగ్ హిల్స్ నుంచి వస్తుంటే లోగన్ దగ్గర వాన పట్టుకుంది, తడిసే వచ్చాం. ఇంటికొచ్చాక నీళ్లు దిగే గొట్టాలు చూశాను, రెండు పక్కలా పారుతున్నాయి. ఖర్చు 0.