ఉద్యోగములందు సమానావకాశము – దాని నిజస్వరూపము

"తలుపు తెఱచియే యున్నది. వచ్చువారిని వలదనువారు లేరు. రానివారి లోపమునకు మేమెట్లు బాధ్యులము?" విద్యావంతులు కూడిన చోట ఉద్యోగముల ప్రసక్తి వచ్చినప్పుడెల్ల ఈ ప్రశ్న వినబడుచుండును. ఇది దుర్జనుల ప్రశ్న కాదు. శాసనమునెడ గౌరవమును, యోగ్యతయెడ అభిమానమును గల పెద్దమనుష్యులే దీని నడుగుచున్నారు. కావున దీనికి కోపముతో గాక విచారణతో సమాధానము చెప్పుట యుక్తము. ఒకనిని అడ్డగింపకుండుట వేఱు. వానికి నిజముగా నవకాశము కలిగించుట వేఱు. ఈ భేదమును మన పూర్వులు స్వానుభవముచేత నెఱిగియుండిరి. మనము దానిని మఱచితిమేమో యని నా శంక.

1833వ సంవత్సరపు చార్టరు శాసనము, మతముచేతగాని, జన్మస్థలముచేతగాని, వంశముచేతగాని, దేహపు రంగుచేతగాని ఏ భారతీయుడును కంపెనీ కొలువునకు అనర్హుడు కాడని ప్రకటించెను. 1855లో సివిలు సర్వీసునకు పోటీపరీక్ష లండను నగరమున ప్రారంభమయ్యెను. అందఱికిని పరీక్ష యొకటియే, ప్రశ్నలును అవియే. శాసనదృష్టిచే తలుపు పూర్తిగా తెఱవబడినది. 1863లో సత్యేంద్రనాథ ఠాకూరుగారు ఆ పరీక్షయందు నెగ్గి, ఆ కొలువునకు ఎన్నికైన ప్రథమ భారతీయులైరి. అయినను ఆయన వెంట ఎందఱు పోగలిగిరి? బహు కొలదిమంది. భారతీయులకు బుద్ధి లేకనా? కాదు. తలుపునకును వారికిని నడుమ సముద్రముండెను. ఓడకిరాయి యుండెను. తిరిగి వచ్చినప్పుడు కులమువారి బహిష్కార భయముండెను. ఇవి చాలవన్నట్లు, 1878 నుండి పరీక్షకు గరిష్ఠ వయస్సు 19 ఏండ్లుగా తగ్గింపబడెను. ఈ నియమములో భారతీయుడను మాటయే లేదు. అది ఆంగ్లేయ బాలునికిని, వంగీయ బాలునికిని సమానముగనే వర్తించెను. కాని దెబ్బ తగిలినది యెవరికో అందఱికిని తెలియును.

అప్పుడు మన పూర్వులు తలుపు తెఱచియున్నది గదా యని ఊరకుండలేదు. 1885లో బొంబాయిలో జరిగిన ప్రథమ కాంగ్రెసు మహాసభయందే, పరీక్షను ఇంగ్లండునందును హిందూదేశమునందును ఏకకాలమున జరుపవలెననియు, వయఃపరిమితిని పెంచవలెననియు కోరిరి. ఇందుచే కొలువు స్థాయి దిగజాఱునని వాదించిన అధికారులు పెక్కురు. 1893లో కామన్సు సభ ఏకకాల పరీక్షలకు అనుకూలముగ తీర్మానించినను అది అమలు గాలేదు. తుదకు 1922లో గాని ఆ పరీక్ష ఈ దేశమున జరుగలేదు. ఆ కోరికను యోగ్యత లేనివారి యాచన యని మనలో ఎవరైనను అందురా? అనరు. అది న్యాయమైన హక్కని మనము చదువుకొంటిమి. మన పిల్లలకును చెప్పుచున్నాము.

ఇప్పుడు మన గ్రామమునే చూడుడు. ఊరిచివర వాడలో పుట్టిన బాలునికిని కచేరీలోని కుర్చీకిని నడుమ సముద్రము లేదా? తాతకు బడి ప్రవేశము లేదు. తండ్రికి పొలము లేదు. ఇంట దీపముక్రింద కూర్చుండి పాఠము చెప్పువారు లేరు. దరఖాస్తు వ్రాయు విధము చెప్పు బంధువు లేడు. పరీక్షకు తరిఫీదిచ్చు పట్టణపు సంస్థల రుసుము చెల్లింప శక్తి లేదు. ఈ సముద్రము నీళ్లతో నిండినది కాదు గనుక మన కన్నులకు కనబడుట లేదు, అంతియే భేదము.

దీనిని దాటించుటకు వంతెన కట్టు యత్నము చెన్నపురి రాజధానిలో పూర్వమే జరిగినది. 1921లో జస్టిసు పార్టీ ప్రభుత్వము తొలి ఉత్తరువు వెలువరించెను. 1927 నాటి ఉత్తరువు ప్రతి పండ్రెండు కొలువులలో బ్రాహ్మణేతర హిందువులకు 5, బ్రాహ్మణులకు 2, మహమ్మదీయులకు 2, క్రైస్తవులకును ఆంగ్లో ఇండియనులకును కలిపి 2, ఆనాడు నిమ్నజాతులనబడినవారికి 1 చొప్పున పంచెను. అందఱికిని వాటాలు వేసిన ఈ పంపకమును 1951లో సుప్రీముకోర్టు కొట్టివేసెను. అంతకుముందే 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము తన 16వ అధికరణమున రెండు మాటలను ప్రక్కప్రక్కన నిలిపినది: ప్రభుత్వోద్యోగములందు పౌరులందఱికిని సమానావకాశము, తగిన ప్రాతినిధ్యము లేని వెనుకబడిన తరగతులకు ప్రత్యేకస్థానములు. 1948 నవంబరు 30న రాజ్యాంగసభలో డాక్టరు అంబేద్కరుగారు ఈ రెంటికిని పొందిక చూపుచు, ప్రత్యేకస్థానములు అల్పసంఖ్యకే పరిమితము కావలెననియు, లేనియెడల సమానావకాశ సూత్రమే నశించుననియు వివరించిరి. రెండవ మాట మొదటిదానికి మినహాయింపు కాదనియు, దానిని నెఱవేర్చు మార్గమేననియు సుప్రీముకోర్టు 1976లో సూచించి 1992లో స్థిరపఱచెను. అదే తీర్పున సాధారణముగా ఈ స్థానములు నూటికి 50 మించరాదనియు, వెనుకబడిన తరగతులలోని సంపన్నులను తొలగింపవలెననియు నిర్ణయించెను.

ప్రత్యేకస్థానముల ఫలమును కొందఱే యనుభవించుచున్నారను ఆక్షేపణ యథార్థమైనదే. అందులకే 2024లో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనము షెడ్యూల్డు కులములలో ఉపవర్గీకరణము చేయు నధికారము రాష్ట్రములకు కలదనెను; 2025లో తెలంగాణము ఆ కులములను మూడు వర్గములుగ విభజించి శాసనము చేసెను. అగ్రకులములలోని పేదల మాటేమన్న ఆక్షేపణకు 2019 నాటి రాజ్యాంగ సవరణ నూటికి 10 స్థానములతో బదులు చెప్పెను. లోపమున్న వంతెనను బాగుచేయవలెను గాని, సముద్రమే లేదనరాదు.

ఇక మిగిలినది కఠినమైన ప్రశ్న. కొన్ని మార్కుల తేడాచే కొలువు తప్పిన యువకుడు స్వయముగా ఎవరికిని అపకారము చేయలేదు గదా! అతని దుఃఖము నిజమైనది. దానిని పరిహసించుట పాపము. కాని 1922లో ఈ దేశమున పరీక్ష జరిగినప్పుడు కొలువు తప్పిన ఆంగ్లేయ యువకుడును స్వయముగా మనకు అపకారము చేసినవాడు కాడు. అతడు పోగొట్టుకొన్నది తన సొత్తు కాదనియు, ఇతరులు పోటీకి రాలేని కారణముచే తనకు సుకరమైన స్థానమనియు మనము చెప్పితిమి. పరాయివానికి చెప్పిన న్యాయమును మన బిడ్డకు చెప్పలేకున్నచో, అది న్యాయము కాదు, పక్షపాతము.

యోగ్యతను గూర్చి వాదించు మనము, ఒక్క పనికి మాత్రము పోటీ కోరలేదు. మలమూత్రముల నెత్తుపని ఏ పరీక్షయు లేకయే తరతరములుగ కొన్ని కులములకే దక్కినది. 1993లో నొకసారి, 2013లో మఱింత విస్తృతముగ నొకసారి శాసనములు దానిని నిషేధించినవి. అయినను మురుగుకాలువలలో దిగి మరణించువారున్నారు. 2023లో సుప్రీముకోర్టు అట్టి కుటుంబములకు చెల్లింపవలసిన పరిహారమును 30 లక్షల రూపాయలకు పెంచెను. పుట్టుకచే పై కొలువు దక్కుట అన్యాయమైనచో, పుట్టుకచే ఈ పని దక్కుట అంతకన్న ఘోరము.

స్త్రీల విషయమును ఇట్టిదే. విదేశాంగ కొలువున చేరిన స్త్రీ వివాహమునకు ముందు ప్రభుత్వపు అనుమతి పొందవలెనను నియమము చిరకాలము నిలిచినది. పురుషునికి అట్టి నిర్బంధము లేదు. సి. బి. ముత్తమ్మగారు న్యాయస్థానమున పోరాడిన పిమ్మట, 1979లో సుప్రీముకోర్టు ఆ నియమములను తీవ్రముగ గర్హించెను. దానిని వ్రాసినవారు తాము అన్యాయము చేయుచున్నామని తలచియుండరు. ఆచారము కన్నులకు గంతలు కట్టినప్పుడు అన్యాయము కూడ మర్యాదవలె కనబడును.

పాఠక మహాశయులారా! ఇంతవరకు ప్రభుత్వపు కొలువులను గూర్చి చెప్పితిని. కాని ఈ దేశమున జీతపు కొలువులలో అధికభాగము ప్రభుత్వము చేతిలో లేదు. మనబోటి వారి చేతులలో నున్నది. 16వ అధికరణము మన కచేరీ గడప దాటి రాదు. 2007లో సుఖదేవ్ థోరట్, పాల్ అట్టెవెల్ అను పండితులు ఒక పరిశోధనను ప్రకటించిరి. పత్రికలలో ప్రకటింపబడిన ప్రైవేటు ఉద్యోగములకు, సమానార్హతలు గల దరఖాస్తులను వేర్వేఱు ఇంటిపేర్లతో పంపిరి. దళితులవియు మహమ్మదీయులవియు నని తోచు పేర్లకు పిలుపులు తక్కువగా వచ్చెను. యోగ్యత మాఱలేదు, పేరు మాత్రమే మాఱినది.

ఇతరులను నిందించుటకు ముందు నా తప్పును ఒప్పుకొనవలసియున్నది. పూర్వము ఒక సంస్థలో గుమాస్తాను నియమించు సంఘమున నేనొక సభ్యుడను. వచ్చినవారిలో ఒక యువకుడు లెక్కలయందును వ్రాతయందును అందఱికన్న మేలుగ నుండెను. నేనతనిని అడిగిన ప్రశ్న, "నాయనా, మీ ఇంటిపేరేమి? ఏ ఊరివారు?" అని. అతడు చెప్పెను. మేమొకరి ముఖమొకరు చూచుకొంటిమి. పరిచితుడైన మిత్రుని మేనల్లునికి ఆ పని దక్కినది. అతనిని ఎవ్వరమును వలదనలేదు; ఒక్క పరుషవాక్యమైనను పలుకలేదు. తలుపు తెఱచియే యుండెను! నమస్కరించి వెడలిపోయిన ఆ యువకుని ముఖము నేటికిని నాకు మఱపు రాదు.

కావున మన చేతిలోని ధర్మమును మనము చేయుదము. ఖాళీ యైన పనిని బంధువుల చెవిలో గాక బహిరంగముగ ప్రకటింతము. దరఖాస్తులను పేర్లు మఱుగుపఱచి చదువుదము. ఇంటిపేరును, ఊరిని, స్త్రీ వివాహవిషయమును అడుగకుందము. పని నేర్వని బీదబాలునికి జీతమిచ్చి నేర్పింతము. ఇందులకు క్రొత్త శాసనము అక్కఱలేదు; అంతరాత్మ చాలును. తలుపు తెఱచితిమని తృప్తిపడువాడు ద్వారపాలకుడు మాత్రమే. వచ్చువానికి త్రోవ యున్నదా యని బయటికి వచ్చి చూచువాడే గృహస్థు.